వెర్షన్ మారిన వెంటనే మన కోడ్ కూడా నడవాలంటే: ర్యాపర్, హుక్, డిర్‌ఎన్వ్‌లలో ఏది ఎవరికి?

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఒకే ల్యాప్‌టాప్ మీద మూడు నాలుగు ప్రాజెక్టులు నడపడం మామూలే. లాడ్జి గదుల బుకింగ్ సైటు నోడ్ 16 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లెక్కల అప్లికేషన్ రూబీ 2.7 మీద ఉంటుంది. కాయల సీజన్‌లో దాన్ని ఎవరూ ముట్టుకోనివ్వరు. కొత్తగా ఒప్పుకున్న పని పైథాన్ 3.11లో ఉంటుంది. రూబీ 2.7కు 2023 మార్చిలో, నోడ్ 16కు అదే ఏడాది సెప్టెంబరులో మద్దతు ముగిసింది. అయినా క్లయింటు అప్‌గ్రేడ్‌కు డబ్బులు ఒప్పుకునేదాకా ఆ వెర్షన్లను మోయక తప్పదు.

కాబట్టి రోజూ వెర్షన్లు మార్చుతూ ఉంటాం. మార్చడం ఒక్కటే అయితే ఒక కమాండ్‌తో పోతుంది. దాని వెంట చేయాల్సిన చిన్న పనులే ఇబ్బంది పెడతాయి: ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగు) పెట్టాలి, పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ఒక ఫోల్డర్ చేర్చాలి, ప్రాంప్ట్‌లో వెర్షన్ కనిపించాలి. వీటిని ఆటోమేటిక్‌గా జరిపించే దారులు అరడజను దాకా ఉన్నాయి: అసలు కమాండ్‌ను చుట్టి అదనపు పని చేసే ఫంక్షన్ (ర్యాపర్), ఫలానా పని జరగగానే టూల్ తానే నడిపే మన కోడ్ (హుక్) లాంటివి. అన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, చేసే సమయం వేరు, చేసే చోటు వేరు.

ముందు తేల్చుకోవాల్సింది: వెర్షన్ ఎప్పుడు ఖాయమవుతోంది?

నోడ్ వెర్షన్లు మార్చే టూల్ ఎన్‌విఎం ఉంటే, టెర్మినల్‌లో ‘టైప్ ఎన్‌విఎం’ అని కొట్టి చూడండి. అది ఫంక్షన్ అని జవాబొస్తే, ఆ టూల్ మీ షెల్ (మీరు కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) లోపలే ఉంది. ఎన్‌విఎం, రూబీ కోసం వాడే ఆర్‌విఎం, సిహెచ్‌రూబీ ఈ కోవకు చెందినవి. ఒక ప్రోగ్రామ్‌ను విడిగా నడిపితే అది తనను పిలిచిన షెల్ పాత్‌ను మార్చలేదు. అందుకే ఇవి ఫంక్షన్లుగా వచ్చాయి. ‘ఎన్‌విఎం యూజ్ 20’ అన్న క్షణంలో పాత్ మారుతుంది. అంటే ‘మారిన తర్వాత’ అని చెప్పుకోదగ్గ క్షణం వీటిలో స్పష్టంగా ఉంది.

రూబీకి ఆర్‌బెన్వ్, పైథాన్‌కు పైఎన్వ్ ఉన్నాయి. వాటి సంగతి వేరు. వీటిలో రూబీ, పైథాన్ పేర్లతో చిన్న షిమ్ ఫైళ్లుంటాయి. అవి గేటు దగ్గరి వాచ్‌మన్ లాంటివి: వచ్చిన ప్రతి పిలుపుకూ అప్పటికప్పుడు ఫోల్డర్‌లోని వెర్షన్ ఫైలు చూసి లోపలికి పంపుతాయి. ‘పైఎన్వ్ లోకల్ 3.11’ అన్నప్పుడు జరిగేది ఒక ఫైలు రాయడమే. షెల్‌లో ఏమీ మారదు. కాబట్టి ఇక్కడ ‘మారిన తర్వాత’ అనే క్షణమే లేదు. దాని కోసం వెతికి చాలామంది సాయంత్రాలు పోగొట్టుకుంటారు.

మూడో రకం ఫోల్డర్‌ను బట్టి నడిచేవి: డిర్‌ఎన్వ్, మీజ్. ప్రాజెక్టులోకి అడుగు పెడితే పాత్ మారుతుంది, బయటికొస్తే వెనక్కి వస్తుంది.

మీ టూల్ ఏ రకమో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

వెర్షన్‌కు ఒకసారి చేసేది, మార్చిన ప్రతిసారీ చేసేది

హుక్‌లో ఏం పెట్టాలో నిర్ణయించే ముందు ఈ రెండింటినీ విడదీయండి. కోర్‌ప్యాక్ (యార్న్ లాంటి ప్యాకేజీ మేనేజర్లను అందించే టూల్) ఎనేబుల్ చేయడం, ఎప్పుడూ వాడే గ్లోబల్ ప్యాకేజీలు వేసుకోవడం వెర్షన్‌కు ఒక్కసారి చేస్తే చాలు. ఎన్‌విఎంలో గ్లోబల్ ప్యాకేజీలు ప్రతి నోడ్ వెర్షన్‌కూ విడివిడిగా ఉంటాయి. 20లో వేసుకున్నది 22లో కనిపించకపోవడానికి కారణం అదే. దీనికి హుక్ అవసరం లేదు. ఎన్‌విఎం డైరెక్టరీలో ‘డిఫాల్ట్-ప్యాకేజెస్’ అనే ఫైలు పెట్టి వరుసకు ఒక ప్యాకేజీ పేరు రాస్తే, కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా అవి వాటంతట అవే పడతాయి. చాలా భాషల వెర్షన్లు చూసుకునే ఏఎస్‌డిఎఫ్ అయితే దాని ఆర్‌సి (సెట్టింగుల) ఫైలులో ‘పోస్ట్_ఏఎస్‌డిఎఫ్_ఇన్‌స్టాల్_నోడ్‌జేఎస్’ అనే వరుస రాసుకోవచ్చు.

మార్చిన ప్రతిసారీ నడిచే హుక్‌లో ‘ఎన్‌పిఎం ఇన్‌స్టాల్’ (నెట్ నుంచి నోడ్ ప్యాకేజీలు దింపే కమాండ్) పెట్టకండి. హాస్టల్ వైఫై మీద అది వెర్షన్ మార్పును నిమిషాల పనిగా మార్చేస్తుంది. నెట్ లేని పూట మార్పు మధ్యలో ఆగి, పాత వెర్షన్‌లో ఉన్నామో కొత్తదాంట్లో ఉన్నామో తెలియకుండా పోతుంది. హుక్‌లో నెట్‌వర్క్ పని ఏదీ ఉండకూడదు. మేం గట్టిగా పట్టుబట్టే నియమం ఇదొక్కటే.

ర్యాపర్ ఫంక్షన్: ఎన్‌విఎం, సిహెచ్‌రూబీ వాడేవాళ్లకు

‘యూజ్’ తర్వాత నడిచే హుక్‌ను ఎన్‌విఎం ఇవ్వదు. కాబట్టి మనమే చుట్టాలి. రెండు పద్ధతులున్నాయి.

తేలికైనది కొత్త పేరుతో ఫంక్షన్ రాయడం. ‘మార్చు’ లాంటి మీకు నచ్చిన పొట్టి పేరు పెట్టి, లోపల ‘ఎన్‌విఎం యూజ్’ను పిలిచి, అది సఫలమైతే మీ అదనపు పని చేయించండి. నాలుగు వరుసల్లో అయిపోతుంది, దేనితోనూ గొడవ ఉండదు. మీరు చేత్తో టైప్ చేసి మార్చే మనిషైతే ఇది చాలు. దీన్ని చిన్నచూపు చూడకండి.

రెండోది, ఎన్‌విఎం అనే పేరునే మన ఫంక్షన్‌తో కప్పేయడం. టీమ్‌లో అందరూ పాత కమాండే కొడతారు, లేదా ఫోల్డర్ మారినప్పుడు ఇంకో స్క్రిప్ట్ ‘ఎన్‌విఎం యూజ్’ను పిలుస్తుంది అన్నప్పుడు ఇది కావాలి. ఇక్కడ వరుస తప్పితే టెర్మినలే తెరుచుకోదు, కాబట్టి నిదానంగా చేయాలి.

బ్యాష్ అనే షెల్ తెరుచుకోగానే చదివే బ్యాష్‌ఆర్‌సి ఫైలులో, ఎన్‌విఎం సోర్స్ అయ్యే (ఈ షెల్‌లోకే ఎక్కే) వరుస కింద మొదలుపెట్టండి. అసలు ఫంక్షన్‌ను ఇంకో పేరుతో కాపీ చేయడం మొదటి పని. బ్యాష్‌లో ‘డిక్లేర్ -ఎఫ్’ ఫంక్షన్ ఒళ్లంతా అచ్చు వేస్తుంది. దాని మొదటి వరుసలో పేరును సెడ్‌తో (అక్షరాలు మార్చే కమాండ్) మార్చి ఇవాల్‌కు (అక్షరాలను కమాండ్‌గా నడిపేది) ఇవ్వాలి. ఇంకో షెల్ అయిన జెడ్‌షెల్‌లో 5.8 నుంచి ‘ఫంక్షన్స్ -సి’ అనే ఒక్క కమాండ్‌తో కాపీ అయిపోతుంది. కాపీ చేసే ముందు, ఆ కొత్త పేరుతో ఫంక్షన్ ఇప్పటికే ఉందా అని చూసి, ఉంటే వదిలేయాలి. ఈ ఒక్క షరతు మరిచిపోతే, బ్యాష్‌ఆర్‌సిని రెండోసారి సోర్స్ చేసినప్పుడు మన ర్యాపరే ‘అసలు’ పేరుతో కాపీ కావచ్చు. అప్పుడు అది తనను తానే పిలుచుకుంటూ పోతుంది. జెడ్‌షెల్ ఒక హద్దు దాటాక ఎర్రర్ చూపి ఆగుతుంది. బ్యాష్‌లో మామూలుగా హద్దు పెట్టి ఉండదు కాబట్టి షెల్ క్రాష్ అయి విండో మూసుకుపోతుంది.

ఇక ర్యాపర్ లోపల. అసలు ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు ఆర్గ్యుమెంట్లన్నీ కోట్స్ మధ్య యథాతథంగా అందించాలి. సరిగ్గా తర్వాతి వరుసలోనే ఎగ్జిట్ స్టేటస్‌ను (కమాండ్ సఫలమైతే సున్నా, లేకపోతే వేరే అంకె) ఒక వేరియబుల్‌లో దాచాలి. మధ్యలో ఒక్క ఎకో వేసినా స్టేటస్ సున్నా అయిపోతుంది. వెర్షన్ దొరకకపోయినా దొరికిందనుకుని తర్వాతి కమాండ్లు నడిచిపోతాయి. చివర్లో దాచిన స్టేటస్‌నే రిటర్న్ చేయాలి.

మధ్యలో ఉండేది అసలు కీలకం: హుక్ ఎప్పుడు నడవాలి? చాలామంది ‘మొదటి ఆర్గ్యుమెంట్ యూజ్ అయితే నడుపు’ అని రాస్తారు. అది చాలదు. ‘ఎన్‌విఎం ఇన్‌స్టాల్’ కూడా చివర్లో తానే ‘ఎన్‌విఎం యూజ్’ను పిలుస్తుంది. పేరు మనది కాబట్టి ఆ లోపలి పిలుపు మన ర్యాపర్ గుండానే వస్తుంది. ‘డీయాక్టివేట్’తోనూ వెర్షన్ మారుతుంది. కమాండ్ మాటను బట్టి కాకుండా, నిజంగా ఏం మారిందో చూడాలి. వాడుకలో ఉన్న నోడ్ బిన్ ఫోల్డర్‌ను ఎన్‌విఎం ‘ఎన్‌విఎం_బిన్’ వేరియబుల్‌లో ఉంచుతుంది. మీ సొంత గ్లోబల్ వేరియబుల్ ఒకటి పెట్టుకుని, చివరిసారి చూసిన విలువ అందులో దాచండి. రెండూ వేరైతేనే హుక్ నడపండి, నడిపే ముందే కొత్త విలువ దాచేయండి. దాచే వేరియబుల్ లోకల్ కాకూడదు. లోకల్ అయితే లోపలి పిలుపు ఒకసారి, బయటి పిలుపు ఒకసారి మార్పును చూసి హుక్ రెండుసార్లు నడుస్తుంది.

ఇంకో సంగతి. టెర్మినల్ తెరిచినప్పుడు ఎన్‌విఎం తన డిఫాల్ట్ వెర్షన్‌ను సోర్స్ అవుతూనే ఎక్కించుకుంటుంది. అప్పటికి మన ర్యాపర్ ఇంకా పుట్టలేదు. అందుకని ర్యాపర్ కింద హుక్ ఫంక్షన్‌ను ఒకసారి చేత్తో పిలవాలి. లేకపోతే మొదటి వెర్షన్‌కు మాత్రం సెట్టింగులు పడవు.

పెట్టింది తీయడం

దీన్ని ఒక నిజమైన ఉదాహరణతోనే చూడాలి. వెబ్‌ప్యాక్ 4 (జావాస్క్రిప్ట్ ఫైళ్లను కట్టగట్టే టూల్) మీద కట్టిన పాత ప్రాజెక్టును నోడ్ 18లో బిల్డ్ చేస్తే ‘ఈఆర్‌ఆర్_ఓఎస్‌ఎస్‌ఎల్_ఈవీపీ_అన్‌సపోర్టెడ్’ అనే ఎర్రర్ వస్తుంది. నోడ్ 17 నుంచి లోపల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఉంది. వెబ్‌ప్యాక్ 4 అడిగే పాత ఎండి4 హ్యాష్‌ను అది మామూలుగా ఇవ్వదు. వెబ్‌ప్యాక్‌ను మార్చే వీలు లేనప్పుడు అందరూ చేసేది, ‘నోడ్_ఆప్షన్స్’ వేరియబుల్‌లో ‘--ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-లెగసీ-ప్రొవైడర్’ పెట్టడం. వెర్షన్ 17 గానీ ఆపైది గానీ అయితే ఇది పెట్టమని హుక్‌లో రాస్తారు. బిల్డ్ నడుస్తుంది.

తర్వాత లాడ్జి సైటు కోసం నోడ్ 16కు మారతారు. ఆ వేరియబుల్ షెల్‌లోనే ఉండిపోయింది. నోడ్ 16కు ఆ ఆప్షన్ తెలియదు. ‘నోడ్_ఆప్షన్స్‌లో దీనికి అనుమతి లేదు’ అని చెప్పి అసలు లేవనే లేవదు. ఎన్‌పిఎం కూడా నోడ్ మీదే నడిచేది కాబట్టి అదీ పడిపోతుంది. నోడ్ ఇన్‌స్టలేషనే పాడైందనుకుని మొత్తం తీసేసి మళ్లీ వేసుకునేవాళ్లున్నారు. అయినా తగ్గదు, ఎందుకంటే తప్పు నోడ్‌లో లేదు.

అందుకే హుక్ రెండు భాగాలుగా ఉండాలి. ముందు, క్రితంసారి తాను పెట్టినవన్నీ తీసేయాలి. ఆ తర్వాతే కొత్త వెర్షన్‌కు కావాల్సినవి పెట్టాలి. వేరియబుల్‌లో మీరు ముందే పెట్టుకున్న విలువేదైనా ఉంటే, దాన్ని పక్కన దాచి మళ్లీ తిరిగి పెట్టాలి. పాత్‌కు ఫోల్డర్ చేర్చేటప్పుడు అది ఇప్పటికే ఉందా అని చూడాలి, లేకపోతే పది మార్పులకు పది కాపీలు చేరతాయి. ఈ తీసివేత రాయడానికి బద్ధకించే వాళ్లు ర్యాపర్ జోలికి పోకుండా కింద చెప్పే డిర్‌ఎన్వ్ తీసుకోవడం మంచిది. అక్కడ ఆ పని టూలే చేస్తుంది.

ఆర్‌విఎం: చుట్టొద్దు, ఉన్న హుక్ వాడండి

ఆర్‌విఎం వాడేవాళ్లకు ర్యాపర్ దండగ. హోమ్‌లోని డాట్ ఆర్‌విఎం ఫోల్డర్ లోపల ‘హుక్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ‘ఆఫ్టర్_యూజ్’ పేరుతో ఫైలు పెడితే, రూబీ మారిన ప్రతిసారీ అది నడుస్తుంది. ‘ఆఫ్టర్_యూజ్_’ తర్వాత ఏదైనా పేరు తగిలిస్తే అదీ హుక్‌గానే లెక్క, కాబట్టి ప్రతి పనికీ విడి ఫైలు పెట్టుకోవచ్చు. ఫైలుకు సిహెచ్‌మాడ్ కమాండ్‌తో ఎగ్జిక్యూట్ (నడిపే) అనుమతి ఇవ్వడం మరవకండి. హుక్ నడవడం లేదంటే ముందు చూడాల్సింది ఈ అనుమతినే. ఫోల్డర్ మారినప్పటి కోసం ‘ఆఫ్టర్_సీడీ’ కూడా ఉంది.

ఒక హెచ్చరిక: ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్‌ను కూడా ఆర్‌విఎం బ్యాష్‌లో తన ఫంక్షన్‌తో కప్పుతుంది. మీరు కూడా సీడీని కప్పితే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

పైఎన్వ్, ఆర్‌బెన్వ్ హుక్‌లు

వీటికీ హుక్‌లున్నాయి, కానీ నడిచే చోటు వేరని పైనే చెప్పాం. డాట్ పైఎన్వ్ లోపల ‘పైఎన్వ్.డి/ఎగ్జెక్’ ఫోల్డర్‌లో డాట్ బ్యాష్‌తో ముగిసే ఫైలు పెడితే, పైథాన్ నడిచే ప్రతిసారీ దానికి కాస్త ముందు అది సోర్స్ అవుతుంది. అక్కడ ఎక్స్‌పోర్ట్ చేసిన వేరియబుల్ ఆ పైథాన్ ప్రోగ్రామ్‌కు అందుతుంది, మీ టెర్మినల్‌కు రాదు. ఎకో చేసి చూసి ‘హుక్ పనిచేయలేదు’ అని తీర్పు ఇచ్చేయకండి. పైథాన్ లోపలి నుంచి అడిగి చూడండి. ఏ హుక్‌లు కంటికి ఆనుతున్నాయో ‘పైఎన్వ్ హుక్స్ ఎగ్జెక్’ చెబుతుంది. ఆర్‌బెన్వ్‌లోనూ ఇదే అమరిక, ఫోల్డర్ పేరు ‘ఆర్‌బెన్వ్.డి’. పైఎన్వ్ దాని నుంచి పుట్టిందే.

ఈ హుక్ తేలిగ్గా ఉండాలి. ఎడిటర్ వెనకాల లింటర్ (కోడ్‌లో తప్పులు పట్టేది), ఫార్మాటర్ అంటూ పైథాన్‌ను మాటిమాటికీ పిలుస్తుంది. ప్రతి పిలుపుకూ హుక్ నడుస్తుంది. అందులో ఏమీ ప్రింట్ చేయకండి. ఆ అక్షరాలు లింటర్ అవుట్‌పుట్‌లో కలిసి ఎడిటర్‌ను తికమక పెడతాయి.

ఫోల్డర్ మారినప్పుడు నడిచేవి

జెడ్‌షెల్‌లో ‘సిహెచ్‌పిడబ్ల్యుడి’ హుక్ షెల్‌తోనే వస్తుంది. దానికి ‘యాడ్-జెడ్‌ఎస్‌హెచ్-హుక్’తో మీ ఫంక్షన్‌ను తగిలిస్తే సరి. సీడీ, పుష్‌డీ, పాప్‌డీ అన్నిటికీ పనిచేస్తుంది. కానీ టెర్మినల్ నేరుగా ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే తెరుచుకుంటే నడవదు. ఎడిటర్ లోపలి టెర్మినల్‌లో జరిగేది అదే. ఆర్‌సి ఫైలు చివర ఒకసారి చేత్తో పిలవండి. సందేశాలు ఏవైనా ఉంటే స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపండి. సబ్‌షెల్‌లో (షెల్ నుంచి పుట్టే ఇంకో షెల్) సీడీ చేసి అవుట్‌పుట్ పట్టుకునే స్క్రిప్టు ముక్కలున్నప్పుడు, మీ ‘నోడ్ 20కు మారాం’ అనే వాక్యం ఫైలు పేరులో కలిసిపోతుంది.

బ్యాష్‌లో ఇలాంటి హుక్ లేదు. ‘ప్రాంప్ట్_కమాండ్’లో పెట్టాలి, అది ప్రతి ఎంటర్‌కూ నడుస్తుంది. మొదటి వరుసలోనే ‘ఫోల్డర్ మారలేదా, అయితే వెళ్లిపో’ అని రాయకపోతే టెర్మినల్ బరువెక్కుతుంది. పైఎన్వ్-వర్చువల్‌ఎన్వ్ ఆటో యాక్టివేషన్ పెట్టుకున్నవాళ్లకు ప్రాంప్ట్ నిదానించడానికి కారణం కూడా ఇలాంటి హుక్కే.

డిర్‌ఎన్వ్, మీజ్

అదనపు పని అంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్సే అయితే, మా ఓటు డిర్‌ఎన్వ్‌కు. ప్రాజెక్టులో డాట్ ఎన్వ్‌ఆర్‌సి ఫైలు పెట్టి, వేరియబుల్స్ రాసి, ‘డిర్‌ఎన్వ్ అలౌ’ అంటే చాలు (షెల్ ఆర్‌సి ఫైలులో డిర్‌ఎన్వ్ హుక్ వరుస ముందే ఉండాలి). బయటికి రాగానే పాత విలువలు తిరిగి వస్తాయి. పైన చెప్పిన నోడ్ 16 గొడవ ఇక్కడ పుట్టదు. ఫైలు మార్చిన ప్రతిసారీ మళ్లీ అలౌ అడుగుతుంది. అది విసుగు కాదు, రక్షణ: బయటివాళ్లు పంపిన జిప్ విప్పి లోపలికి అడుగు పెట్టగానే వాళ్ల కోడ్ మీ మెషీన్‌లో నడవకూడదు కదా.

దీనికి ఒక హద్దు ఉంది. ఎన్వ్‌ఆర్‌సి విడిగా ఒక బ్యాష్‌లో నడుస్తుంది, అక్కడి ఎన్విరాన్‌మెంట్ తేడా మాత్రమే మీ షెల్‌కు వస్తుంది. అలియాస్‌లు (కమాండ్లకు పెట్టుకున్న పొట్టి పేర్లు), ఫంక్షన్లు రావు. అదే ఫోల్డర్‌లో ఉండి చేత్తో ‘ఎన్‌విఎం యూజ్’ కొట్టినా దానికి తెలియదు.

మీజ్ వెర్షన్ మార్పునూ వేరియబుల్స్‌నూ ఒకే ఫైలులో పెడుతుంది. నోడ్, రూబీ, పైథాన్ మూడూ చూసుకుంటుంది. దాని టామ్ల్ (సెట్టింగుల) ఫైలు ‘హుక్స్’ విభాగంలో ‘ఎంటర్’, ‘లీవ్’, ‘సీడీ’, ‘పోస్ట్‌ఇన్‌స్టాల్’ ఉన్నాయి. మొదటి మూడూ నడవాలంటే ఆర్‌సి ఫైలులో ‘మీజ్ యాక్టివేట్’ ఉండాలి. షిమ్‌లతో మాత్రమే వాడితే ‘ఎంటర్’, ‘లీవ్’ నడవవు. ఏఎస్‌డిఎఫ్‌లో పాత ర్యాపర్లు ఉన్నవాళ్లు 2025లో వచ్చిన 0.16ను గమనించాలి. అది గో భాషలో తిరగరాసిన బైనరీ. ‘ఏఎస్‌డిఎఫ్ షెల్’ కమాండ్ తీసేశారు. ఫంక్షన్‌ను కాపీ చేసుకునే పాత కిటుకు దాని మీద పనిచేయదు. బైనరీని చుట్టాలంటే కాపీ అక్కర్లేదు, ర్యాపర్ లోపల ‘కమాండ్’ అనే మాట ముందు పెట్టి పిలిస్తే సరిపోతుంది. నోడ్ కోసం ఎఫ్‌ఎన్‌ఎం వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఎవరికి ఏది

ఒకే భాష, రెండు వెర్షన్లు, చేత్తో మార్చుకునే విద్యార్థికి కొత్త పేరు ఫంక్షన్ చాలు. కాలేజీ ల్యాబుల్లో అందరిదీ ఒకే లాగిన్ అయితే బ్యాష్‌ఆర్‌సిలో సొంత ర్యాపర్లు రాయకండి, ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఎన్వ్‌ఆర్‌సి పెట్టుకోండి. రైల్స్ పాత ప్రాజెక్టులు ఆర్‌విఎం మీద ఉంటే దాని హుక్ ఫోల్డరే. మూడు భాషలతో కొత్తగా సెటప్ చేసుకునే ఆఫీసుకు మీజ్. ఇప్పటికే ఎన్‌విఎం అలవాటైన టీమ్‌కు, అలియాస్‌లు కూడా మారాలంటే, పైన చెప్పిన పూర్తి ర్యాపర్.

విండోస్‌లో నేరుగా పనిచేసేవాళ్లకు ఇవి చాలావరకు కుదరవు. ఎన్‌విఎం-విండోస్ పేరు ఒకటే గానీ అది వేరే ప్రోగ్రామ్. అది ఒక సింబాలిక్ లింక్‌ను మార్చుతుంది కాబట్టి తెరిచి ఉన్న టెర్మినల్స్ అన్నిటిలో ఒకేసారి వెర్షన్ మారిపోతుంది. ఒక టెర్మినల్‌లో పెట్టిన వేరియబుల్ మాత్రం పక్క టెర్మినల్‌కు చేరదు. ఈ పని కావాలంటే డబ్ల్యుఎస్‌ఎల్‌లోకి (విండోస్ లోపలే నడిచే లినక్స్) వెళ్లడమే తేలిక.

క్రాన్ పనులకు (పెట్టిన వేళకు వాటంతట అవే నడిచేవి) పైవేవీ నమ్మకండి. ఉబుంటు బ్యాష్‌ఆర్‌సి, ఎదుట మనిషి లేని షెల్ అయితే మొదటి వరుసల్లోనే వెనక్కి తిరుగుతుంది. రాత్రి రెండింటికి నడిచే బ్యాకప్ స్క్రిప్టులో నోడ్ పూర్తి పాత్ రాసి, కావాల్సిన వేరియబుల్స్ ఆ స్క్రిప్టులోనే పెట్టండి.

పెట్టుకున్నాక కొత్త టెర్మినల్ తెరిచి పరీక్షించండి. ఆర్‌సి ఫైలును రెండుసార్లు సోర్స్ చేసి వెర్షన్ మార్చాలి, హుక్ ఒక్కసారే నడవాలి. లేని వెర్షన్ అడిగి ఎగ్జిట్ స్టేటస్ చూడాలి, సున్నా రాకూడదు. 18కి వెళ్లి 16కు తిరిగొచ్చి నోడ్ లేస్తోందో లేదో చూడాలి. ఇంకొకటి, ‘ఎన్‌విఎం యూజ్ 20’ అవుట్‌పుట్‌ను పైప్‌తో ‘టీ’కి పంపి చూడండి. బ్యాష్‌లో వెర్షన్ మారినట్టు సందేశం వస్తుంది గానీ నిజంగా మారదు. పైప్‌లోని ఫంక్షన్ సబ్‌షెల్‌లో నడిచి అక్కడే అంతమవుతుంది, దానితో పాటు మీ హుక్ పెట్టిన వేరియబుల్స్ కూడా. లాగ్ కావాలంటే పైప్ బదులు ఫైలుకు రీడైరెక్ట్ చేయండి.